స్పానిష్‌లో కూడా ‘ఏయ్, ఇలా రా’ యేనా?

మొన్న మొన్నటి దాకా నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాణ్ణి. నలుగురు తెలుగు కుర్రాళ్ళం కలిసి ఓ ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి ఉండేది. మాకంటే ముందున్న బ్యాచ్ వాళ్ళు వదిలేసి వెళ్ళారు. వాళ్ళకి అంతకుముందు బ్యాచ్ వాళ్ళు ఇచ్చారట. హైదరాబాదు రూముల్లో గ్యాస్ స్టవ్వూ, ప్లాస్టిక్ కుర్చీలూ ఎలా చేతులు మారతాయో ఈ కాగితం కూడా అలాగే మా చేతికొచ్చింది.

దాని పైన ‘రోజూ పనికొచ్చే స్పానిష్ ఆజ్ఞలు’ అని ఇంగ్లీషులో శీర్షిక. కింద 20 వాక్యాలు. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క స్పానిష్, చివర ఎవరో మహానుభావుడు తెలుగు లిపిలో రాసిపెట్టిన ఉచ్చారణ. లింపియా - శుభ్రం చెయ్యి. లావా - కడుగు. బార్రే - ఊడువు. సాకా లా బసూరా - చెత్త బయట పడెయ్యి. నో తోకేస్ - ముట్టుకోకు. వెన్ - రా. ఎస్పేరా - ఆగు. రాపిదో - తొందరగా. ఇలా సాగుతుంది.

పదిహేను రోజులకోసారి ఓ మెక్సికన్ ఆవిడ వచ్చి ఇల్లు శుభ్రం చేసి వెళ్ళేది. మా అమ్మ వయసు ఉంటుంది, కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఆవిడకి ఇంగ్లీషు పెద్దగా రాదు. మాకు స్పానిష్ అసలు రాదు. కాబట్టి ఆ కాగితమే మాకు భగవద్గీత. ఆవిడ రాగానే నేను ఫ్రిజ్ దగ్గర నిలబడి, వంటింటి వైపు వేలు చూపించి, ‘లింపియా’ అనేవాణ్ణి. బాత్రూమ్ వైపు చూపించి ‘లావా’ అనేవాణ్ణి. ఆవిడ తల ఊపి పనిలో పడేది. నాకు మహా గర్వంగా ఉండేది. ఆహా, మూడో వారానికే స్పానిష్ వచ్చేసింది మనకి అని!

పని అయ్యాక డబ్బులు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ప్రతిసారీ ఒకే మాట అనేది. ‘కే లే వాయా బియెన్, హోవెన్.’ ఆ మాట మా కాగితంలో లేదు. బై లాంటిదేదో అయ్యుంటుందని నేను కూడా చెయ్యి ఊపేవాణ్ణి.

ఆర్నెల్ల తర్వాత మా దగ్గర్లో లైబ్రరీలో ఉచితంగా స్పానిష్ చెప్తున్నారంటే, శనివారాలు ఖాళీయే కదా అని చేరాను. మూడో క్లాసులో టీచరు బోర్డు మీద రెండు నిలువు గళ్ళు గీసి, ఒకదానిమీద ‘తూ’ అనీ రెండోదానిమీద ‘ఉస్తెద్’ అనీ రాసింది. తూ అంటే నువ్వు. ఉస్తెద్ అంటే మీరు. వెన్ అంటే రా, వెంగా అంటే రండి. లింపియా అంటే శుభ్రం చెయ్యి, లింపియే అంటే శుభ్రం చెయ్యండి. క్లాసులో ఉన్న అమెరికన్లు తలలు పట్టుకున్నారు, ఒకే మాటకి రెండు రూపాలు ఎందుకూ అని. నాకు మాత్రం కళ్ళముందు మా ఫ్రిజ్ తలుపు కనపడింది. ఆ కాగితంలో ఉన్న వాక్యాలన్నీ ఎడమ గడిలోవే.

ఇంకో రెండు వారాలకి ‘లే’ అనే చిన్నముక్క సంగతి చెప్పారు. ‘కే తే వాయా బియెన్’ అంటే ‘నీకు అంతా మంచి జరగాలి’. ‘కే లే వాయా బియెన్’ అంటే ‘మీకు అంతా మంచి జరగాలి’. హోవెన్ అంటే కుర్రాడు. తనకి సగం వయసున్న నన్ను, తనని ఆర్నెల్లుగా ‘ఇది కడుగు, అది ఊడువు’ అంటున్న నన్ను, ఆవిడ వెళ్ళేటప్పుడల్లా ‘మీకు మంచి జరగాలి బాబూ’ అని దీవించి వెళ్ళేది.

ఈ సంగతి తెలిసేటప్పటికి మేం ఆ ఇల్లు ఖాళీ చేసేశాం. ఆవిడ ఫోన్ నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు. ఎవరికి చెప్పుకోను?

సరే, అసలు విషయానికొస్తాను. ఇది నా ఒక్కడి పాపం అయితే ఇంత రాయక్కర్లేదు. అలాంటి కాగితాలు ఇవాళ్టికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. హౌస్ క్లీనింగ్‌కి స్పానిష్, తోటమాలికి స్పానిష్, ఇల్లు మారేటప్పుడు సామాన్లు మోసేవాళ్ళకి స్పానిష్. అన్నీ ఆజ్ఞలే. మా కాగితంలో ఉన్న 20 వాక్యాల్లో ఒక్క ప్రశ్న లేదు చూడండి. ‘మీ పేరేంటి?’ లేదు. ‘మంచినీళ్ళు కావాలా?’ లేదు. ‘పోర్ ఫవోర్’, అంటే దయచేసి అనే మాట, లేనే లేదు. ప్రశ్న లేని భాష నేర్చుకున్నామంటే అవతలివాళ్ళు చెప్పేది వినే ఉద్దేశం మనకి లేదన్నమాట.

‘పాపం, ఇంగ్లీషులోంచి నేర్చుకున్నాం, ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదు కదా’ అని ఎవరైనా సర్దిచెప్పబోతారు. ఈ వాదన సగం నిజం. ఇంగ్లీషువాడికి ‘కమ్’ ఒక్కటే. చక్రవర్తినైనా కుక్కపిల్లనైనా కమ్ అనే పిలవాలి. అతనికి స్పానిష్ నేర్పే పుస్తకం రాసేవాడు కమ్ పక్కన ఏదో ఒకటి రాయాలి కాబట్టి పొట్టిగా ఉన్న ‘వెన్’ రాసి ఊరుకుంటాడు. ఇంగ్లీషుకీ ఒకప్పుడు ‘దౌ’ అని నువ్వు ఉండేది, ‘యూ’ అనేది మన మీరు లాంటి బహువచనం. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలకి వచ్చేసరికి మామూలు వాడుకలో దౌ పోయి యూ మిగిలింది. తేడా వాళ్ళు పోగొట్టుకున్నారు, బాగుంది.

మరి మనకేమైంది? మనం రారా, రావే, రావోయ్, రా, రామ్మా, రండి, దయచేయండి అని ఇన్ని మెట్లున్న భాషలో పుట్టాం. బడికెళ్ళకముందే ఏ మెట్టు మీద ఎవరిని నిలబెట్టాలో నేర్చేసుకున్నాం. స్పానిష్‌లో ఉన్నది ముఖ్యంగా రెండే మెట్లు. తెలుగువాడికి ఇది నల్లేరు మీద నడక కావాలి. కానీ మనం ఏం చేస్తున్నాం? రండి అనే మాటని ముందు కమ్ చేస్తున్నాం, ఆ కమ్ ని మళ్ళీ వెన్ చేస్తున్నాం. మన భాషలో చెప్పాలంటే లాసీ కన్వర్షన్. మధ్యలో ఉన్న ఫార్మాట్‌లో ఆ బిట్ దాచుకునే చోటు లేదు, అక్కడ రాలిపోయింది.

ఇది సగం నిజం అన్నాను కదా, మిగతా సగం ఇదీ. ఆ బిట్ రాలిపోవడం మనకి సుఖంగా ఉంది కాబట్టే మనం వెతకడం లేదు. నేను నిరూపిస్తాను. మనం క్లయింటుకి రాసే మెయిల్ చూడండి. ఇంగ్లీషులో మీరు లేకపోయినా మనం దాన్ని ఎక్కణ్ణించో తవ్వి తీస్తాం. ‘కుడ్ యూ ప్లీజ్’ అంటాం. ‘కైండ్లీ’ అంటాం. ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని ప్రపంచంలో ఇంకెవరూ రాయనంత వినయంగా రాస్తాం. రివర్ట్ ఇవ్వమంటూ మూడు పొరల మెత్తదనం చుట్టి పంపిస్తాం. అంటే వ్యాకరణం సాయం చెయ్యకపోయినా మర్యాద ఎలా పుట్టించాలో మనకి బ్రహ్మాండంగా తెలుసు. డాలర్లిచ్చేవాడి దగ్గర గుర్తొచ్చే ఆ విద్య, మనం డాలర్లివ్వాల్సిన మనిషి దగ్గరకొచ్చేసరికి గుర్తుకి రాదు. ఇది భాష రాకపోవడం కాదు బాబూ.

ఇది స్పానిష్‌తో మొదలైన జబ్బు కూడా కాదు. బెంగళూరులో నాలుగేళ్ళు పనిచేసిన మనవాడికి కన్నడంలో ఎన్ని మాటలొచ్చో అడగండి. ‘బా’, ‘హోగు’, ‘నిల్సు’, ‘బేడ’. ఆటో అతనికి చెప్పాల్సినవి నాలుగు. అక్కడా ‘బా’ పక్కన ‘బన్ని’ ఉంది. హిందీలో ‘ఆ’, ‘ఆవో’ పక్కన ‘ఆయియే’ ఉంది. చెన్నైలో ‘వా’ పక్కన ‘వాంగ’ ఉంది. తమిళం రండి ‘వాంగ’, స్పానిష్ రండి ‘వెంగా’. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు, వట్టి కాకతాళీయం. కానీ చెన్నైలో పనిచేసిన వాళ్ళకి ఇంతకంటే సులువుగా గుర్తుండే చిట్కా ఇంకోటి దొరకదు :-) ఆ రెండో రూపం ఎందుకు మనకి ఎప్పుడూ రాదు? మొదటిదానితో పని జరిగిపోతుంది కాబట్టి. పని జరిగిందా లేదా అన్నదే పరీక్ష అయితే కొరడా కూడా మంచి భాషే.

ఈ పద్ధతి మన గోదావరి వాళ్ళం ఒకప్పుడు అవతలి వైపునుంచి చూశాం. కుంపిణీ వాళ్ళు 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకి దేశభాషలు నేర్పించారు. 1816లో కాంప్‌బెల్ వాళ్ళకోసం తెలుగు వ్యాకరణం రాశాడు. జిల్లాలు ఏలాలి, పన్ను వసూలు చెయ్యాలి, కచేరీ నడపాలి, దానికోసం తెలుగు. ఎంతమంది దొరలు ‘ఇలా రా, అది తే’ దగ్గర ఆగిపోయి పెన్షను పుచ్చుకుని ఓడెక్కి ఉంటారో! వాళ్ళ పేర్లు మనకెవరికీ గుర్తులేవు. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ మాత్రం గుర్తున్నాడు. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో కొలువు చేస్తూ ఆయన ఆజ్ఞల దగ్గర ఆగలేదు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు, 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు తెచ్చాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ 1852లోనే. కాటన్ దొర నీళ్ళకి చేసిన పని ఆయన మాటలకి చేశాడు.

పరాయివాడి సంగతి ఎందుకు, మన గిడుగు రామమూర్తి గారు లేరూ? పర్లాకిమిడిలో బడిపంతులు. అక్కడి కొండల్లో ఉండే సవరలతో పట్నం వాళ్ళకి ఉన్న సంబంధమంతా కొనడం, అమ్మడం, పని చెప్పడం. ఆయన మాత్రం సవరల దగ్గరే వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టించారు. సవర వ్యాకరణం, నిఘంటువు 1930ల్లో అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని డాలస్‌లోనూ చేస్తాం. దండ వేసి, ఫొటో దిగి, ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కాగితం చూసి ‘లింపియా’ అంటాం.

ఇంకో అబద్ధం కూడా మనలో స్థిరపడిపోయింది. స్పానిష్ అంటే పనివాళ్ళ భాష అని. అయ్యా, టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగం. మనం ఎచ్-వన్ స్టాంపింగు వేయించుకుని దిగిన ఆ నేల మీద ఆ భాష మనకంటే చాలా ముందునుంచి ఉంది. 2020 జనగణన ప్రకారం టెక్సాస్‌లో ప్రతి పదిమందిలో సుమారు నలుగురు హిస్పానిక్ కుటుంబాల వాళ్ళు. ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు స్పానిష్. సాన్ ఆంటోనియో, ఎల్ పాసో, కొలరాడో. 1605లో డాన్ కిహోటే వచ్చిన భాష, 1982లో నోబెల్ అందుకున్న మార్క్వెజ్ రాసిన భాష. దాన్ని పట్టుకొచ్చి ఇరవై గద్దింపులు చేసి ఫ్రిజ్‌కి అంటించాం.

సరే, నీతుల సంగతి పక్కన పెట్టి ఇంజినీర్ల లాగా మాట్లాడుకుందాం. ‘తూ’ రూపాలు నేర్చుకోవడం సులువు, ‘ఉస్తెద్’ కష్టం అనుకుంటున్నారేమో. తల్లకిందులు. మీరే చూడండి.

మామూలు క్రియలకి సూత్రం ఒక్క లైను. ‘ఆర్’ తో ముగిసే క్రియ అయితే నువ్వు రూపం చివర ‘ఆ’, మీరు రూపం చివర ‘ఏ’. లింపియా - లింపియే, లావా - లావే. ‘ఎర్’, ‘ఇర్’ తో ముగిసేవైతే సరిగ్గా తిరగబడుతుంది. కోమే (తిను) - కోమా (తినండి), ఆబ్రే (తెరువు) - ఆబ్రా (తెరవండి). రెండు అక్షరాల స్వాప్, అంతే.

మొండి క్రియలు ‘తూ’ లో ఎనిమిది. వెన్ (రా), దీ (చెప్పు), ఆస్ (చెయ్యి), పోన్ (పెట్టు), తెన్ (ఉంచుకో), సాల్ (బయటికెళ్ళు), వే (వెళ్ళు), సే (అయి ఉండు). వీటికి మర్యాద రూపాలు వెంగా, దీగా, ఆగా, పోంగా, తెంగా, సాల్గా, వాయా, సేయా. ఎనిమిదిలో ఆరింటికి చివర ‘గా’. బట్టీ పట్టడానికి ఏది తేలిక?

అసలు లాభం ఇదిగో, వద్దని చెప్పేటప్పుడు. ఇంగ్లీషులో డోన్ట్ తగిలిస్తే చాలు, క్రియ మారదు. స్పానిష్‌లో ‘తూ’ తో అలా కుదరదు. వెన్ అంటే రా, కానీ రావద్దు అనాలంటే ‘నో వెన్’ తప్పు, ‘నో వెంగాస్’ అనాలి. అమెరికన్లు ఇక్కడ బోర్లా పడతారు. మనకి ఇందులో వింతేముంది? మన రా కూడా కాదనేటప్పుడు రాకు అవుతుంది కదా. అసలు ‘వచ్చు’ అనే క్రియకి ‘రా’ అనే ఆజ్ఞ, ‘తెచ్చు’కి ‘తే’ ఉన్న భాష మనది, మొండి క్రియల గురించి మనకి ఒకడు చెప్పాలా? అదే ‘ఉస్తెద్’ అయితే ఈ గొడవే లేదు. వెంగా - నో వెంగా. లింపియే - నో లింపియే. అదే రూపం, ముందు ‘నో’. ఒకరికంటే ఎక్కువ మంది ఉంటే చివర ‘న్’ తగిలించండి, వెంగాన్. లాటిన్ అమెరికా అంతా పనిచేస్తుంది. ఒకటి నేర్చుకుంటే మూడు వస్తాయి. మర్యాద లేని ఏపీఐకి రెండు ఎండ్‌పాయింట్లు, మర్యాద ఉన్నదానికి ఒకటి. ఇంకా ‘తూ’ యే ఎంచుకుంటామంటే అది బద్ధకం కూడా కాదు, బలుపు.

ఇంతకీ ఉస్తెద్ అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? ‘వుయెస్త్రా మెర్సెద్’ నుంచి. ‘ఏలినవారి దయ’ లాంటి మాట, నలిగి నలిగి ఉస్తెద్ అయింది. మన తమరు గుర్తుకి రావట్లేదూ? మెక్సికోలో పెద్దవాళ్ళు పిలిస్తే ‘కే?’, అంటే ‘ఏంటి?’, అని పలక్కూడదని, ‘మాందే’ అనాలని పిల్లలకి నేర్పుతారు. మాటకి మాట అర్థం ‘ఆజ్ఞాపించండి’. మా వైపు ‘ఆయ్’ అంటామే, ఆ గొంతే. అది పాత బానిసత్వపు ఆనవాలు, మానెయ్యాలి అని వాదించేవాళ్ళూ అక్కడ ఉన్నారు. ఆ వాదన ఈ టపా చివర్లో నాకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

నాతో వాదించే మిత్రులు చెప్పే మాటలు ఇంకో రెండున్నాయి. ఒకటి, ‘స్పెయిన్‌లో కొట్లో కూడా తూ అనే అంటారు, ఉస్తెద్ అంటే ఎడంగా పెట్టినట్టుంటుంది’. నిజమే. మెక్సికోలో కూడా ఒక వయసు వాళ్ళు, ఒక ఆఫీసు వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తూ అనే అనుకుంటారు. ఇటు బొగోటాలో అయితే ఇంట్లోవాళ్ళు, స్నేహితులు కూడా ఉస్తెద్ అనుకోవడం ఉంది. అటు అర్జెంటీనాలో తూ బదులు ‘వోస్’, వెన్ బదులు ‘వెనీ’. దేశానికో పద్ధతి. కానీ తూ అనడానికి అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? స్పానిష్‌లో దానికి ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది, ‘తుతెయార్’, అంటే నువ్వు అని పిలవడం. ‘తుతెయామే’ అని అవతలి మనిషి అంటే ‘పర్లేదు, నన్ను నువ్వు అను’ అని. పెద్దవాళ్ళు, కొత్తవాళ్ళు ఆ మాట అన్నాక అనండి. జీతం ఇచ్చేవాడు తనకి తానే ఆ అనుమతి ఇచ్చుకుంటే దాన్ని చనువు అనరు.

రెండోది, ‘ఆవిడ ఏం అనుకోలేదు కదా, నీకెందుకు గొడవ’. ఆవిడ ఏం అనుకుందో నాకేం తెలుసు? అడగడానికి నా దగ్గర ప్రశ్నలే లేవని పైనే చెప్పాను కదా.

ఇక్కడిదాకా రాసి నేను ఆపేస్తే మీరందరూ ‘మీ గోదావరి వాళ్ళకి అండీ పిచ్చి’ అని నవ్వుకుని వెళ్ళిపోతారు. నాకూ బాగుండేది. అమెరికా నుంచి వచ్చేసి, ఇప్పుడు ఆత్రేయపురంలో మా ఇంట్లో కూర్చుని పనిచేస్తున్నాను కాబట్టి నాకు ఆ అవకాశం పోయింది.

మా ఊరు మీకు తెలుసు. 2022 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత కోనసీమ జిల్లా. పూతరేకులు తినని తెలుగు ఐటీవాడు ఉండడు. ఊరినుంచి వచ్చిన ప్రతివాడూ ఆఫీసులో పంచే డబ్బా అది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంటి వెనక పాకలో చిన్నగా ఆ వ్యాపారం ఉంది. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క విసురున లాగుతారు. రెప్పపాటులో కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. దాన్ని చిరగకుండా తీయాలి. ఆ పని చేసేది ఆడవాళ్ళే. రోజంతా ఆ సెగలో. నేను మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ చెయ్యి కాల్చుకున్నాను.

మా పాకలో రేకులు తీసే పెద్దామెకి అరవై దాటాయి. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఉంది. నేను పాకలోకి వెళ్తే ‘రండి బాబుగారూ, కూర్చోండి’ అంటుంది. మా మామ్మ ఆమెని ‘ఏమే’ అంటుంది. నాన్న ‘ఇలా రా’ అంటాడు. నేనూ, పలక పట్టుకుని తిరిగే వయసునుంచీ, ‘నీళ్ళు పట్రా’ అన్నాను. ఇదే ఇంట్లో కరెంటు బిల్లు తీసే కుర్రాడు వస్తే ‘రండి, కూర్చోండి, మజ్జిగ పుచ్చుకోండి’. మన సుప్రసిద్ధ గోదావరి మర్యాద ఇదీ. సినిమాల్లో చూపిస్తారు, మనం మురిసిపోతాం. ఆ అండీ ఎవరికి దక్కుతుందో, కులం చూసి, పొలం చూసి, చొక్కా చూసి ఎక్కడ ఆగిపోతుందో ఏ సినిమా చూపించదు. కిందనుంచి పైకి ఎప్పుడూ ప్రవహిస్తుంది, పైనుంచి కిందకి లాకులు దించేసి ఉంటాయి. లొల్ల లాకులు చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఈ లాకులు కనపడవు.

అప్పుడర్థమైంది నాకు. ఇర్వింగ్‌లో ఆ కాగితంలో ఎడమ గడి ఒక్కటే ఉందని నేను ఎందుకు ఆర్నెల్లు గమనించలేదో. నాకు ఆ గడి కొత్త కాదు. పని చేసే ఆడమనిషితో ఎలా మాట్లాడాలో నేను ఇక్కడే నేర్చుకుని వెళ్ళాను. ఇంగ్లీషు మీద నెపం వేశానే, అది నిజానికి సగం కూడా కాదు, ముప్పాతిక భాగం మా పాకదే.

పోయిన నెలలో ఒకరోజు వాన మొదలైంది. ఆమె బయట తడుస్తున్న పుల్లలు తీస్తోంది. నేను గుమ్మంలోంచి ‘లోపలికి రండి’ అన్నాను. ఆమె వెనక్కి తిరిగి వీధి వైపు చూసింది, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. మళ్ళీ నావైపు చూసింది. ‘మిమ్మల్నే’ అన్నాను. ‘అదేంటి బాబూ, నన్ను అండీ అంటారేంటి, తప్పు కదూ’ అని కంగారుపడిపోయింది. మా మామ్మ లోపల్నుంచి విని, ‘ఒరేయ్, పనివాళ్ళని అండీ అంటే నెత్తికెక్కుతారు, నీ అమెరికా తెలివితేటలు ఇక్కడ చూపించకు’ అంది. ఆ రోజు భోజనాల దగ్గర నాకూ నాన్నకీ మాటా మాటా వచ్చింది. ‘అండీ అంటే కడుపు నిండుతుందా, కూలి పెంచు’ అన్నాడు. న్యాయమైన మాట. పెంచమన్నాను. రెండూ చెయ్యొచ్చు కదా, ఒకటి ఇస్తే రెండోది ఎగ్గొట్టొచ్చని ఎక్కడ రాసుందీ అన్నాను. ఇంకా తేలలేదు. నేను మాత్రం మానలేదు. ఆమె ఇప్పటికీ ఇబ్బంది పడుతూనే ఉంది. మెక్సికోలో ‘మాందే’ మానెయ్యాలనేవాళ్ళ బాధ నాకిప్పుడు తెలుస్తోంది. అలవాటైన మనిషికి మర్యాద కూడా బరువే. ఆ బరువు పెట్టింది మనం కాబట్టి దింపాల్సిందీ మనమే, ఆమె వచ్చి అడగదు.

అంచేత టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఉన్న మిత్రులకి నా విన్నపం. మీ ఫ్రిజ్ మీద ఆ కాగితం ఉంటే చింపెయ్యండి. దాని బదులు ఇది పెట్టుకోండి. ఆరే వాక్యాలు.

బుఎనోస్ దీయాస్, సెన్యోరా. (నమస్కారం అమ్మా.)
కోమో సే యామా? (మీ పేరేంటండీ?)
కియేరె ఆగువా? (మంచినీళ్ళు కావాలాండీ?)
మే పుఎదే ఆయుదార్ కోన్ లా కొసీనా? (వంటింటి పనిలో కాస్త సాయం చేస్తారా?)
గ్రాసియాస్. (థాంక్సండీ.)
కే లే వాయా బియెన్. (మీకు మంచి జరగాలి.)

ఆరింటిలో మూడు ప్రశ్నలు, ఒక్క ఆజ్ఞ కూడా లేదు. పని ఆగిపోతుందేమోనని భయపడకండి, ఆ పని వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. ‘ఇది కడుగు’ అని మనం చెప్తేనే గిన్నెలు శుభ్రమయ్యాయనుకోవడం మన భ్రమ.

ఇక ఇండియాలో ఉన్నవాళ్ళకి స్పానిష్ అక్కర్లేదు. మీ ఇంటికి రేపు పొద్దున్న పనమ్మాయి వస్తుంది, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు తీస్తాడు, చెత్తబండి వస్తుంది. వాళ్ళని మీ పిల్లలు ఏమని పిలుస్తున్నారో ఒకసారి వినండి. అది వాళ్ళు మీ దగ్గరే నేర్చుకున్నారు. నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నట్టు.